ఇంగ్లిష్‌లో ‘ఇష్టం లేదు’: ఏ మాట ఎక్కడ పుట్టింది, ఎక్కడ నప్పుతుంది

రిలక్టెంట్, అన్‌విల్లింగ్, లోత్, అవర్స్, రెటిసెంట్, గ్రడ్జింగ్, హెసిటెంట్. చిన్న ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో వీటిలో ఏది వెతికినా ఎదురుగా ‘అయిష్టం’, ‘ఇష్టపడని’ అనే కనిపిస్తుంది. దాంతో చాలామంది ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తారు. ఊరు వదిలి వెళ్లడానికి మనసొప్పడం లేదని చెప్పాల్సిన చోట రెటిసెంట్ అంటారు. మందు వికటించిందని రాయాల్సిన చోట అవర్స్ అని రాస్తారు. వాక్యం వ్యాకరణానికి నిలుస్తుంది గానీ, భాష తెలిసినవారికి పంటి కింద రాయిలా తగులుతుంది.

వీటిలో చాలా మాటలు మొదట మనసుకు సంబంధించినవి కావు, ఒంటితో చేసే పనుల పేర్లు. కుస్తీ పట్టడం, మొహం తిప్పుకోవడం, మడమతో తన్నడం, నోరు కట్టేసుకోవడం, గొణగడం, దిగబడిపోవడం, ఇలాంటివి. ఆ పని ఏమిటో తెలిస్తే మాట ఎక్కడ నప్పుతుందో, పక్కన టు రావాలో అబౌట్ రావాలో కూడా చాలావరకు తేలిపోతుంది.

రిలక్టెంట్‌లో ఉన్నది మల్లయుద్ధం. లాటిన్‌లో లుక్తారీ అంటే కుస్తీ పట్టడం. దానికి ముందు రె చేరితే రెలుక్తారీ, అంటే ఎదురు తిరిగి పెనుగులాడడం. ఫ్రెంచి లుత్, స్పానిష్ లుచా ఈ కుదురులోవే. ముసుగులు తొడుక్కుని రింగులోకి దిగే మెక్సికో కుస్తీని లుచా లిబ్రే అంటారు. ఎంత గింజుకున్నా తప్పించుకోలేని దాన్ని ఇంగ్లిష్‌లో ఇనెలక్టబుల్ అంటారు, అదీ ఇక్కడిదే.

17వ శతాబ్దంలో రిలక్టెంట్ ఇంగ్లిష్‌లోకి వచ్చిన కొత్తలో ఈ పెనుగులాట ఇంకా పచ్చిగానే ఉంది. జాన్ మిల్టన్ 1667లో అచ్చువేసిన ‘పారడైజ్ లాస్ట్’లో సైతాను దైవశిక్షకు లోబడి పాముగా మారి పొట్ట మీద పడిపోయే ఘట్టం ఉంది. అక్కడ కవి రిలక్టెంట్ అని వాడి, వెంటనే ‘కానీ వృథా’ అంటాడు. ఆ చోట ‘సైతానుకు ఇష్టం లేదు’ అని అర్థం చెప్పుకుంటే పద్యం చప్పబడిపోతుంది. సైతాను ఒళ్లంతా గింజుకుంటున్నాడు, అతని కన్నా పెద్ద శక్తి అతన్ని అణిచేస్తోంది. అదీ బొమ్మ.

నేటి వాడుకలో ఒళ్లు పోయి మనసు మిగిలింది, కానీ కుస్తీ పోలేదు. రిలక్టెంట్ అన్నామంటే రెండు బలాలు తలపడుతున్నాయని అర్థం: ఒకటి చేయమంటోంది, ఇంకొకటి వద్దంటోంది. తరచు పని జరుగుతుంది కూడా. అందుకే ‘రిలక్టెంట్‌లీ అగ్రీడ్’ అంత సహజంగా వినిపిస్తుంది. అన్‌విల్లింగ్‌లో ఈ తర్జనభర్జన లేదు. మనసు ఒకవైపే ఉంది, ఆ వైపు ‘కాదు’ అంటోంది. భూసేకరణ మీద నివేదిక రాసేవారు ఒక రైతును రిలక్టెంట్ సెల్లర్ అంటే, ధర పెంచితేనో అవసరం తరిమితేనో అమ్ముతాడన్న ధ్వని వస్తుంది. అన్‌విల్లింగ్ సెల్లర్ అంటే అమ్మనని చెప్పేశాడని. ఈ ఒక్క మాట తప్పుగా పడితే రైతు చెప్పని మాట అతని నోట పెట్టినట్టవుతుంది. ఇంత బరువు మోసే చోట ‘రెండూ ఒకటే కదా’ అనుకోవడం అన్యాయం.

ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు చదివే రిలక్టెన్స్ కూడా ఇదే మాట. 1888లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆలివర్ హెవీసైడ్, అయస్కాంత వలయంలో అయస్కాంత ప్రవాహానికి ఎదురయ్యే అడ్డుకు ఈ పేరు పెట్టాడు. అంతకుముందు దాన్ని అయస్కాంత నిరోధం అనేవారు. కానీ విద్యుత్ నిరోధంలో కరెంటు పారుతున్నంతసేపూ శక్తి వేడిగా ఖర్చవుతుంది, నిలకడగా ఉన్న అయస్కాంత ప్రవాహం దారిలో అలాంటి ఖర్చు లేదు. కాబట్టి వేరే పేరు అవసరమైంది. దారి పొడవు పెరిగితే రిలక్టెన్స్ పెరుగుతుంది, దారి అడ్డుకోత పెరిగినా, ఇనుములా అయస్కాంతాన్ని సులువుగా పోనిచ్చే పదార్థం ఉన్నా తగ్గుతుంది. రిలక్టెన్స్ మోటారు నడిచేది కూడా ఈ సూత్రం మీదే: తిరిగే భాగమైన రోటరు ఎప్పుడూ రిలక్టెన్స్ అతి తక్కువగా ఉండే స్థితికి తిరగాలని చూస్తుంది, అది అక్కడికి చేరేలోపు కదలని భాగమైన స్టేటరు చుట్టల్లో కరెంటు మార్చి ఆ స్థితిని ముందుకు జరుపుతారు. ‘దారి ఇవ్వదని కాదు, ఎదురు ఒత్తి ఇస్తుంది’ అనే భావానికి ఇంతకన్నా తగిన మాట దొరకదు.

అన్‌విల్లింగ్ దగ్గరికి వస్తే, దీని తల్లి విల్ ఇంగ్లిష్‌కు సొంత మాట. పాత ఇంగ్లిష్‌లో విల్లన్ అంటే కోరుకోవడం. లాటిన్‌లో దీనికి సాటి వెల్లె, దాని నుంచే వాలంటరీ, వాలంటీర్, బెనెవొలెంట్ వచ్చాయి. సంస్కృతంలో సాటి ‘ఎంచుకొను’ అనే అర్థంలోని వృ ధాతువు. స్వయంవరంలో వరం, వరుడు, దేవుడిచ్చే వరం అన్నీ ఆ ధాతువువే. ఇంగ్లిష్ విల్, మన వరుడు దూరపు జ్ఞాతులన్న మాట. ధ్వని పోలికను బట్టి అల్లిన ఊహ కాదిది, ఇండో-యూరోపియన్ భాషల తులనాత్మక అధ్యయనంలో స్థిరపడిన సంబంధం.

విల్‌కు ఒకప్పుడు వ్యతిరేక క్రియ కూడా ఉండేది. పాత ఇంగ్లిష్‌లో నె అంటే ‘కాదు’. అది విల్లన్‌తో కలిసిపోయి నిల్లన్ అయింది, తర్వాత నిల్. ‘కోరను’ అనడానికి ఒకే మాట. నెవర్, నన్ కూడా ఇలాగే నె అతుక్కుని పుట్టినవే. తెలుగువారికి ఇది బాగా తెలిసిన పద్ధతి: ఒల్లను అన్న ఒక్క మాటలో కోరిక, అది లేకపోవడం, లేనిది ఎవరికో కూడా ఇమిడిపోయాయి. మన ఒల్లను పల్లె నోళ్లలో, పాత పద్యాల్లో నిలిచింది. ఇంగ్లిష్ నిల్ మాత్రం ఒక్క జంటపదంలో తలదాచుకుంది. ‘విల్ హీ, నిల్ హీ’, అంటే ‘అతను ఒప్పుకున్నా సరే, ఒప్పుకోకున్నా సరే’. షేక్‌స్పియర్ ‘హ్యామ్లెట్’లో గోతులు తవ్వేవాడి నోట ఈ మాట వినిపిస్తుంది. అదే అరిగి విల్లీ-నిల్లీ అయింది.

ఇక్కడ జాగ్రత్త పడాలి. విల్లీ-నిల్లీకి అసలు అర్థం ‘ఇష్టమున్నా లేకున్నా’. కానీ నేడు ఎక్కువమంది దాన్ని ‘అడ్డదిడ్డంగా, ఒక పద్ధతి లేకుండా’ అనే అర్థంలో వాడుతున్నారు. ‘ఉద్యోగులను విల్లీ-నిల్లీ బదిలీ చేశారు’ అని ఇంగ్లిష్‌లో రాస్తే వాళ్ల సమ్మతి లేకుండా చేశారనా, ఇష్టమొచ్చినట్టు చేశారనా? రెండూ రావచ్చు. ఆఫీసు ఉత్తరాల్లో, కోర్టు పత్రాల్లో ఈ మాట వాడకపోవడమే మేలు.

లాటిన్ కూడా సరిగ్గా ఇదే పని చేసింది. నె, వెల్లె కలిసి నోల్లె. ‘నోలో’ అంటే ‘కోరను’. అమెరికా కోర్టుల్లో నిందితుడు ‘నోలో కంటెండరే’ అని జవాబివ్వవచ్చు, అంటే వాదించదలచుకోలేదని. నేరం ఒప్పుకోడు, కాదనీ అనడు. శిక్ష మాత్రం ఒప్పుకున్నవాడికి పడ్డట్టే పడుతుంది. లాభం ఏమిటంటే, తర్వాత ఎవరైనా నష్టపరిహారం కోసం సివిల్ దావా వేస్తే ఆ జవాబును నేరాంగీకారంగా చూపడం సాధారణంగా కుదరదు. అమెరికా ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ 1973 అక్టోబరు 10న పదవికి రాజీనామా చేసి, ఆదాయపు పన్ను ఎగవేత అభియోగానికి ఇలాగే జవాబిచ్చాడు. ప్రాసిక్యూషన్ తనంతట తాను కేసు వదులుకుంటే అది ‘నోల్లె ప్రాసిక్వై’. అక్కడ కోరనిది ప్రభుత్వం వైపు.

లోత్, లోద్ జంట అచ్చులోనూ ఎక్కువగా దెబ్బతింటుంది. రెండింటికీ పాత ఇంగ్లిష్‌లో మూలం ఒకటే, ‘ద్వేషించదగిన, హాని చేసే’ అనే విశేషణం. జర్మన్ లైడ్ అంటే దుఃఖం, ‘క్షమించండి’ అనడానికి జర్మన్లు వాడే మాటలో ఉన్నది అదే. ఈ మాటే జర్మానిక్ తెగల నోటి నుంచి ఫ్రెంచిలోకి వెళ్లి అక్కడ లే అయింది, అర్థం ‘అనాకారి’. ఇంగ్లిష్‌లో విశేషణం మెత్తబడింది. ద్వేషం కరిగి ‘చేయడానికి మనసొప్పని’ అన్నంత వరకు వచ్చింది. క్రియ మాత్రం మెత్తబడలేదు సరికదా, అసహ్యించుకోవడం అన్న బలమైన అర్థంలోనే నిలబడింది.

రాతలో తేడా చివరి ఇ ఒక్కటే. ఇ లేనిది విశేషణం, దాని చివర ‘థిన్’లో ఉన్న ధ్వని. ఇ ఉన్నది క్రియ, దాని చివర ‘దెన్’లో ఉన్నది. తెలుగువారు మొదటిదాన్ని త/థగా, రెండోదాన్ని దగా పలుకుతారు కాబట్టి లోత్, లోద్ అని విడివిడిగా వినిపించడం మనకు కష్టం కాదు. బ్రెత్-బ్రీద్, బాత్-బేద్ కూడా ఇదే వరస: క్రియలో ఇ ఉంటుంది, ద పలుకుతుంది. లోత్ తర్వాత టు, ఆ తర్వాత క్రియ వస్తాయి. ‘ఆమె ఇల్లు అమ్మడానికి లోత్’ అంటే ఆ ఇంటి మీద ప్రేమ ఉందని. పొరపాటున ఇ తగిలిస్తే వాక్యం చెడిపోవడమే కాదు, ప్రేమ ఉన్నచోట అసహ్యం వచ్చి కూర్చుంటుంది. స్పెల్‌చెక్ దీన్ని తరచు పట్టదు, రెండూ సరైన మాటలే కాబట్టి.

అవర్స్‌ది మొహం తిప్పుకోవడం. లాటిన్ వెర్తెరె అంటే తిరగడం, తిప్పడం. అవతలికి తిరిగితే అవెర్సుస్, ఎదురుగా తిరిగితే అద్వెర్సుస్. సంస్కృతంలో దీనికి సాటి వృత్ ధాతువు: వృత్తం, ఆవర్తనం, పరివర్తన, నివృత్తి. తెలుగులో అవర్స్‌కు ఇంతకు మించి సరిపోయే మాట లేదనిపించేది విముఖత. మొహం అటు తిప్పుకున్నవాడు విముఖుడు. రెండు భాషలూ వేర్వేరు మాటలతో ఒకే బొమ్మ గీశాయి.

ఇటు తిరిగితే ఒక మాట, అటు తిరిగితే ఇంకొకటి. అయినా అవర్స్, అడ్వర్స్ కలిసిపోయే చోటు ఏ పత్రికలో అయినా కనిపిస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి ఒక దారి ఉంది. విముఖంగా ఉండగలిగేది మనిషి, కాబట్టి అవర్స్ మనిషి గురించి చెప్తుంది. ఎదురు తగిలేవి పరిస్థితులు: వాతావరణం, తీర్పు, మందు ప్రభావం, సర్వీసు రికార్డులో పడే వ్యాఖ్యలు. అవి అడ్వర్స్. మందుల పరిశోధనలో అడ్వర్స్ ఈవెంట్ అనేదానికి కచ్చితమైన నిర్వచనమే ఉంది: మందు తీసుకున్న వ్యక్తికి కలిగిన ఏ వైద్యపరమైన ఇబ్బంది అయినా సరే, అది మందు వల్లనే అని తేలనక్కర్లేదు. ట్రయల్‌లో ఉన్న వ్యక్తి మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నా అది నమోదవుతుంది. మందుకూ ఇబ్బందికీ సంబంధం ఉండటానికి తగిన ఆస్కారం ఉంటేనే అది అడ్వర్స్ రియాక్షన్. ఇలాంటి పత్రంలో ‘అవర్స్ ఈవెంట్’ అని పడిందంటే అచ్చుతప్పుగా చూసి వదిలేయడానికి లేదు.

అవర్స్ తర్వాత ఫ్రమ్ రావాలా టు రావాలా అన్నది ఇంగ్లిష్‌లో పాత తగాదా. అవతలికి తిరగడం కదా, ఫ్రమ్ మాత్రమే సబబు అని ఒకప్పటి వ్యాకరణవేత్తలు పట్టుబట్టారు. వాడుక టు వైపు నిలిచింది, వాడుకే గెలిచింది. వ్యుత్పత్తి అర్థాన్ని వెలిగిస్తుంది, వాక్యాన్ని శాసించదు అనడానికి ఇది మంచి ఉదాహరణ. అయితే ఈ టు వెనుక నామవాచకమో ఇంగ్ రూపమో రావాలి: ‘అవర్స్ టు రిస్క్’, ‘అవర్స్ టు టేకింగ్ లోన్స్’. ‘అవర్స్ టు టేక్’ అనడం తప్పు. లోత్ టు, రిలక్టెంట్ టు వరసలోనే దీన్నీ కట్టేయడం వల్ల ఈ తప్పు పడుతుంది. ఆర్థికశాస్త్రంలో రిస్క్ అవర్షన్‌కూ లాస్ అవర్షన్‌కూ కూడా తేడా చూడాలి. మొదటిది అనిశ్చితి మీద విముఖత. రెండోది మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన సిద్ధాంతంలో వివరించింది: అంతే మొత్తం వచ్చిన సంతోషం కన్నా పోయిన బాధ మనిషికి ఎక్కువ తగులుతుందని.

రెటిసెంట్ సంగతి తేలిక. లాటిన్ తకెరె అంటే నోరు మెదపకుండా ఉండటం. టాసిట్, టాసిటర్న్ దాని సోదరులు. కాబట్టి రెటిసెంట్ అంటే మాట బయటపెట్టడానికి ఇష్టపడని మనిషి, ‘గుట్టు మనిషి’ అనవచ్చు. తన కుటుంబం గురించి, జీతం గురించి రెటిసెంట్, అంటే అబౌట్ వస్తుంది. ‘రెటిసెంట్ టు ట్రావెల్’ లాంటివి ఇప్పుడు విరివిగా కనిపిస్తున్నాయి, నిఘంటువులు కూడా ఆ అర్థాన్ని ఎక్కించుకున్నాయి. అయినా వాడకపోతేనే మంచిది. ప్రయాణానికి రిలక్టెంట్ ఉండనే ఉంది. రెటిసెంట్‌ను దానికి పర్యాయపదం చేసేస్తే ‘చెప్పడానికి ఇష్టపడని’ అనే పనికి ఇంగ్లిష్‌లో అంత నాజూకైన మాట మరొకటి మిగలదు.

పశువులతో ముడిపడినవి రెండు చెప్పుకోవాలి. రికాల్సిట్రెంట్‌లో ఉన్న కాల్క్స్ అంటే మడమ, మడమ ఎముకకు వైద్యులు చెప్పే కాల్కేనియస్ కూడా దాని నుంచే. వెనక్కి తన్నే గుర్రం మీద పుట్టిన మాట ఇది. మనిషికి వాడితే మొండితనంతో పాటు అధికారానికి ఎదురు తన్నడం ఉంటుంది, కాబట్టి పైఅధికారి గురించి దీన్ని వాడరు. చర్మవైద్యులు ఎన్ని మందులు వాడినా తగ్గని తామరను రికాల్సిట్రెంట్ అంటారు. విత్తనశాస్త్రంలో దీనికి ఇంకా నిర్దిష్టమైన పని ఉంది. 1973లో విత్తన పరిశోధకుడు ఇ.హెచ్. రాబర్ట్స్ విత్తనాలను ఆర్థడాక్స్, రికాల్సిట్రెంట్ అని విడదీశాడు. వరి, కంది లాంటివి మొదటి రకం: తేమ 3 నుంచి 7 శాతానికి దించి సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో పెడితే జన్యుబ్యాంకుల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. మామిడి, పనస, రబ్బరు, కోకో రెండో రకం. ఆరబెడితే చస్తాయి, గడ్డకట్టే చలి అసలే పడదు. మామిడి టెంకను ఎండబెట్టి దాచితే మొలవకపోవడానికి, నర్సరీవాళ్లు పండు తిన్న కొద్ది రోజుల్లోనే టెంకలు నాటేయడానికి కారణం ఇదే.

బాక్ మాట పొలంలో పుట్టింది. పాత ఇంగ్లిష్‌లో బాల్కా అంటే గట్టు, దున్నేటప్పుడు నాగలి తగలకుండా వదిలేసిన బీడు నేల. ఆ పట్టీని దాటవేయడం క్రియ అయింది, అక్కడి నుంచి గుర్రం అడ్డంకి ముందు ఠక్కున ఆగిపోవడం, మనిషి ధర విని వెనక్కి తగ్గడం వచ్చాయి. మన మొరాయించడంతో చక్కగా సరిపోతుంది. దీని పక్కన ఎట్ వస్తుంది: ‘బాక్ట్ ఎట్ ద ప్రైస్’. అప్పటిదాకా నడుస్తూ వచ్చి ఆగిపోవడం ఇందులో ముఖ్యం. మొదటి నుంచీ వద్దన్నవాడికి ఈ మాట నప్పదు.

గ్రడ్జ్ పాత ఫ్రెంచిలో గొణుగుడు. చేస్తూనే సణగడం అన్నది గ్రడ్జింగ్‌లో ఇప్పటికీ ఉంది: పొగడక తప్పక పొగిడితే అది గ్రడ్జింగ్ ప్రెయిజ్. సణుగుడు లోపలే ముదిరి నామవాచకంగా గ్రడ్జ్ అయినప్పుడు ‘పగ’ అన్నంత దూరం వెళ్లింది.

హెసిటేట్ లాటిన్ హెరెరె నుంచి, అంటే అతుక్కోవడం, దిగబడటం. అడ్హియర్, ఇన్‌హెరెంట్ దాని బంధువులు. అడుగు పడటం లేదు, మాట తడబడుతోంది, అంతే. ‘చేయను’ అనే నిర్ణయం ఇందులో లేదు. అందుకే వ్యాక్సిన్ హెసిటెన్సీ అన్న పేరు మీద చర్చ జరగాల్సి ఉంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రపంచ ఆరోగ్యానికి పొంచి ఉన్న 10 ముప్పుల్లో ఒకటిగా చేర్చింది. ఆ సంస్థ నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనంలో టీకా అందుబాటులో ఉన్నా వాయిదా వేయడం, నిరాకరించడం రెండూ ఉన్నాయి. సూది వేయించుకోవాలా వద్దా అని తటపటాయించే తల్లినీ, ససేమిరా అన్నవాణ్ణీ ఒకే మాట కింద చేర్చడం వల్ల ఇద్దరితో ఒకే తీరుగా మాట్లాడే ప్రమాదం ఉంది. మొదటి ఆమెకు కావలసింది తన సందేహానికి ఓపిగ్గా చెప్పే జవాబు, లేదంటే కూలి పోకుండా వెళ్లగలిగే వేళకు తెరిచి ఉండే టీకా కేంద్రం.

ఆలస్యం నుంచి వచ్చినది డెమర్. లాటిన్ మోరా అంటే జాప్యం. 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు రుణ వాయిదాలకు అనుమతించిన మారటోరియం అందులోంచి వచ్చిందే. రైల్వే వ్యాగన్‌ను గడువు దాటి ఆపుకుంటే కట్టాల్సిన డెమరేజ్ డెమర్‌కు తోబుట్టువు. ‘కాస్త ఆగు’ అనడం నుంచి డెమర్ ‘మెల్లగా అభ్యంతరం చెప్పడం’గా మారింది. మన దగ్గర కాంట్రాక్టర్లు ఈ మాటను, తమ తరఫున బ్యాంకు హామీ ఇచ్చే బ్యాంక్ గ్యారంటీ పత్రంలో చూస్తారు: డబ్బు ‘వితవుట్ ఎనీ డెమర్’ చెల్లిస్తామని బ్యాంకు రాసిస్తుంది. అక్కడ పాత అర్థం, కొత్త అర్థం రెండూ పనిచేస్తాయి. పని చేయించుకున్న సంస్థ లిఖితపూర్వకంగా అడిగితే చాలు, బ్యాంకు జాప్యం చేయకూడదు, కాంట్రాక్టులో ఎవరిది తప్పని ఎదురు ప్రశ్న వేయకూడదు. తీవ్రమైన మోసం, తిరిగి పూడ్చలేని అన్యాయం అన్న మినహాయింపుల్లో తప్ప కోర్టులు ఆ చెల్లింపును ఆపవు. పని పూర్తి చేశానని, గొడవ ఇంకా తేలలేదని కాంట్రాక్టరు ఎంత మొత్తుకున్నా ముందు డబ్బు వెళ్లిపోతుంది, తగాదా తర్వాత విడిగా తేల్చుకోవాలి. సంతకం పెట్టేముందు ఆగి చూడాల్సిన మాట అది.